సవతి బిళ్ళ

పుంగనూరు నుంచి కుప్పం పోవాలంటే పలమనేరులో బస్సు మారాలి. రెండువేల ఎనిమిదో సంవత్సరం వానాకాలంలో మాలతి ఆ దారిన మొగుడి వెంట ఆరు మార్లు పోయింది. ఐదు మార్లు తిరిగొచ్చింది. ఆరో మారు ఏం జరిగిందో చెప్తాను, నిమ్మళంగా వినండి.

మాలతి జబ్బు ఏమిటో వాళ్ళ వీధిలో ఎవరికీ అంతుబట్టలేదు. జ్వరమా అంటే కాదు, నొప్పా అంటే కాదు. పొద్దున కళ్ళు తెరిస్తే లేవబుద్ధి కాదు, అంతే. జడ వేసుకోవడం కూడా కొండ ఎక్కినంత పని. పొయ్యి మీద పాలు పొంగి పోతుంటే చూస్తూ కూర్చునేది. కూర్చుని తినే వాళ్ళకి వచ్చే రోగమని కొందరు నవ్వారు. నవ్వేవాళ్ళకేం, నోటికి సుంకం లేదు కదా! మదనపల్లెలో మాత్రలు అయ్యాయి. రాయవేలూరులో తలకి కరెంటు పెట్టించారు. రెండు నెలలు బాగుండి, మళ్ళీ మొదటికే వచ్చింది.

అప్పుడు ఎవరో కుప్పంలో మునిరత్నం అనే డాక్టరు సంగతి చెప్పారు. మనసు జబ్బులు చూసే మనిషి. కొత్తది ఏది చదివినా చేసి చూడాలనే రకం. మాలతి ఫైలంతా తిరగేసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కెటమిన్ అని మందుండాదమ్మా. ఆపరేషన్లకి మత్తుగా ఇస్తారు. దాన్నే బాగా తగ్గించి, సెలైన్‌లో కలిపి నలభై నిమిషాలు మెల్లగా ఎక్కిస్తాం. మాత్రలకి లొంగని దిగులు దీనికి లొంగుతాండాదని బయటి దేశాల్లో ఇప్పుడిప్పుడే రాస్తాండారు. మొత్తం ఆరు సీసాలు."

"నొప్పి ఉంటాదా సార్?" అని అడిగింది మాలతి.

"నొప్పి లేదు. కానీ ఒంట్లోనుంచి బయటికి వచ్చేసినట్టు అనిపిస్తాది. బెదరొద్దు. సీసా అయిపోయినాక ఇంటిమనిషి ఒకరు పక్కన కూర్చోని, పేరు పెట్టి మెల్లగా పిలవల్ల. తెలిసిన గొంతు వింటే నెమ్మదిగా తేరుకుంటావు."

పేరు పెట్టి అనే మాటకి మాలతి తల వంచుకుంది. ఆమెకి సిగ్గేసింది. ఎనిమిదేళ్ళ కాపురంలో లోకనాథం ఆమెని పేరుతో పిలిచింది లేదు. 'ఇదిగో' అంటాడు, 'వినపడిందా' అంటాడు, కోపమొస్తే 'ఏమ్మే' అంటాడు. ఆయన నోట తన పేరు ఎలా పలుకుతుందో అని ఆమెకి ఆ జబ్బులోనూ ఒక చిన్న ఆశ పుట్టింది. పిచ్చిది!

లోకనాథం గురించి ఒక మాట చెప్పాలి. పుంగనూరులో ఎరువుల అంగడి ఆయనది. తాగడు, కొట్టడు, గట్టిగా అరవడు. మాలతి ఆయనకి రెండో పెళ్ళాం. మొదటి పెళ్ళాం పద్మావతి తొంభై తొమ్మిదిలో మూడు దినాల జ్వరంలో పోయింది. రెండో దాన్ని చేసుకుంటే మా పక్క ఒక ఆచారం ఉంది. బంగారు రేకు మీద నిలబడ్డ ఆడమనిషి బొమ్మ కొట్టించి, తాళి కంటే ముందు దాన్ని కొత్త పెళ్ళికూతురి మెడలో వేస్తారు. సవతి బిళ్ళ అంటారు దాన్ని. చచ్చిపోయిన అక్క అందులో ఉంటుందని నమ్మకం. కొత్త చీర కడితే ముందు దానికి చూపించాలి. శుక్రవారం దానికి పసుపు కుంకుమ పెట్టాలి. అప్పుడే ఆ అక్క ఊరకుంటుంది.

మాలతి ఒక్క శుక్రవారం తప్పలేదు. మంచం దిగలేని రోజుల్లో కూడా, పడుకునే ఆ బిళ్ళకి బొట్టు పెట్టి కళ్ళకద్దుకుంది.

ఆస్పత్రి మేడ మీద గది చిన్నది. ఆకుపచ్చ కర్టెను, స్పిరిట్ వాసన, గోడకి గుర్రుమనే ఏసీ. పైకప్పు మూలలో తేమకి పట్టిన నల్లటి మరక. ఉషారాణి అనే నర్సు వచ్చి, "తాళి ఉండనీ అక్కా, దాన్ని మేం తీయించం. ఆ గొలుసు మాత్రం తీసెయ్యి" అంది. బిళ్ళ ఉన్నది ఆ గొలుసుకే. మాలతి చెయ్యి మెడ దగ్గరే ఆగిపోయింది. ఎనిమిదేళ్ళుగా స్నానానికి కూడా తీయని గొలుసు.

లోకనాథమే ముందుకొచ్చి కొక్కెం విప్పాడు. "నా దగ్గర భద్రంగా ఉంటాదిలే" అని చొక్కా జేబులో వేసుకున్నాడు.

వేలికి క్లిప్పు పెట్టారు. టిక్... టిక్... అని మిషను మొదలైంది. సీసాలోంచి చుక్కలు పడుతున్నాయి. నాలుక మీద ఇనుము రుచి తగిలింది. ఏసీ చప్పుడు ఎక్కడో దూరంగా, నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు వినిపించింది. తరవాత మంచం లేదు. బరువు లేదు.

పైనుంచి చూస్తే కింద ఒక ఆడమనిషి పడుకుని ఉంది. పసుపు చీర, తెరిచిన నోరు. 'అయ్యో, ఎంత చిక్కిపోయింది పాపం' అనుకుంది మాలతి. అది తనేనని ఆ తరవాత తెలిసింది. భయం వేయలేదు. ఎన్నేళ్ళుగానో గుండె మీద కూర్చున్న రాయిని ఎవరో దించేసినట్టు, చెప్పలేనంత హాయి. నల్లటి మరక పక్కన తేలుతూ కిందికి చూసింది. మొగుడు మంచం మీదికి వంగాడు. పిడికిట్లో గొలుసు ఉంది. పెదాలు కదులుతున్నాయి. మాట వినపడలేదు గానీ, ఆయన కళ్ళనుంచి నీళ్ళు కారడం కనబడింది. నా కోసం ఏడుస్తున్నాడు, నా పేరు పిలుస్తున్నాడు అనుకుని మాలతికి కడుపు నిండిపోయింది.

మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఇంట్లో వంటగదిలో ఉంది. చేతిలో గరిటె, బయట దీపాలు పెట్టే వేళ. మధ్యలో బస్సు లేదు, దారి లేదు. మందు మహిమ అనుకుంది.

రెండో సీసా తరవాత ఒక రోజంతా లేదు. మూడో దానికి మూడు రోజులు లేవు. నాలుగో దానికి ఐదు రోజులు. ఆ రోజులన్నీ ఎక్కడున్నావంటే కలలో మాదిరి ఒక్కటే గుర్తు... స్పిరిట్ వాసన, నల్లటి మరక. ఇంట్లో మాత్రం అందరూ సంబరపడుతున్నారు. ఇల్లు అద్దంలా ఉంది. లోకనాథం అంగడికి ఈల వేసుకుంటూ పోతున్నాడు. పక్కింటి అక్కమ్మ గోడ మీదుగా తొంగి చూసింది.

"ఎంత బాగా పాడినావు మా నిన్న! అచ్చం మన పద్మ పాడినట్టే ఉండాది."

మాలతి నవ్వి ఊరుకుంది. లోపలికి వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆమెకి ఒక్క పాట కూడా రాదు.

ఐదో సీసా రోజున ఉషారాణి సూది గుచ్చి, ప్లాస్టరు అంటించి, గొట్టం తిప్పి వదిలింది. లోకనాథం కింద మందుల అంగడికి పోయి ఉన్నాడు. ఆ పిల్ల మనసులో కల్మషం లేదు, మంచి మాట చెప్పాలనే చెప్పింది.

"మీ ఆయన మాదిరి పిలిచే మొగుణ్ణి నేను యాడా సూడలేదక్కా. ఆ గొలుసు పట్టుకోని, 'పద్మా, వచ్చెయ్ పద్మా' అని ఒకటే ఏడుపు. పద్మ అంటే మీ ముద్దుపేరా?"

మాలతి లేవబోయింది. 'ఆపు, తీసెయ్యి' అనబోయింది. నాలుక మీద అప్పటికే ఇనుము రుచి. మాట నోట్లోనే మందంగా ముద్దైపోయింది. టిక్... టిక్...

ఈసారి పైనుంచి అంతా వినపడింది.

"పద్మా..." అన్నాడు లోకనాథం, ఎనిమిదేళ్ళలో ఆమె ఒక్కసారీ వినని గొంతుతో. "వచ్చెయ్... తలుపు తీసే ఉండాది... వచ్చెయ్ పద్మా."

మంచం మీద పెదాలు కదిలాయి.

"ఆఁ," అంది ఆ నోరు.

మాలతి నోరే. మాలతి గొంతే. పలికింది మాత్రం మాలతి కాదు.

ఈసారి తొమ్మిది రోజులు పోయాయి. ఆరో సీసాకి ఇంకో వారమే ఉందనగా తిరిగి తన ఒంట్లోకి వచ్చిపడింది. పెరట్లో తాడు మీద చీర ఆరేస్తూ ఉంది. చీర అక్కడే వదిలేసింది. చెప్పులేసుకుని, ఎవరికీ చెప్పకుండా మదనపల్లె బస్సెక్కింది. దారంతా ఒకటే మంట. సవతి మీద కాదు. చచ్చిపోయిన మనిషి, పిలిస్తే వచ్చింది. పిలిచినవాడి మీద. జబ్బు నయం చేయిస్తాడని నమ్మి చెయ్యి చాపితే, ఆ చేతికి సూది గుచ్చించి, ఇల్లు ఖాళీ చేయించినట్టు తనని ఖాళీ చేయించాడు.

ఆమె తల్లి రాజమ్మ మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెలో ఉంటుంది. మగ్గాల వాళ్ళకి పట్టునూలు కండెలు చుట్టి పెడుతుంది. మాలతి చెప్పిందంతా ఆమె రాట్నం ఆపి వింది. పోయిన ఏడాది ఇదే కూతుర్ని బావి గట్టు మీదనుంచి జుట్టు పట్టి వెనక్కి లాక్కొచ్చింది ఈ తల్లే. ఆ రోజు నుంచి రాజమ్మ సరిగా నిద్రపోయింది లేదు.

"ఇంక పోనమ్మా నేను కుప్పానికి," అంది మాలతి.

"మధ్యలో ఆపితే మళ్ళా ఆ బావి కాడికే పోతావేమో అని నాకు భయం మా," అంది రాజమ్మ. "ఒక్కటే కదా మిగిలింది. ఈ తూరి నేనొస్తా. నేను కూర్చుంటా నీ పక్కన."

"నువ్వే పిలువమ్మా. మాలతీ అని పిలువు. ఒక్క మారు చాలు, వచ్చేస్తాను. పిలవకపోతే... ఈ తూరి ఇంక రాలేనమ్మా. నాకు తెలస్తాండాది."

రాజమ్మ కూతురి చేతిలో చెయ్యేసింది. "నా కడుపున పుట్టినదానివి. ఆ పేరు పెట్టింది నేనే. నిన్ను పిలవనా నేను?"

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. మాలతి ఆ రాత్రి చాలా రోజుల తరవాత హాయిగా నిద్రపోయింది.

ఆరో సీసా ఒక సోమవారం మధ్యాహ్నం పెట్టారు. కిటికీ బయట ఎండ కాస్తోంది. కింద వీధిలో ఎవరో బెంగళూరు బస్సుకి అరుస్తున్నారు. ఒక్కరే ఉండాలని డాక్టరు చెబితే, లోకనాథం ఏమీ అనకుండా గొలుసు విప్పుకుని బయటికి పోయాడు. అంత సులభంగా పోయాడేమిటా అని మాలతికి ఒక్క క్షణం అనిపించింది. అంతలో తల్లి ఆమె నుదురు నిమిరింది. చుక్కలు పడడం మొదలైంది.

ఇనుము రుచి. నీళ్ళ అడుగున ఏసీ. బరువు లేదు.

పైన నల్లటి మరక పక్కన మాలతి కళ్ళార్పకుండా తల్లినే చూస్తూ ఉంది. సీసాలో మందు సగమైంది. పావు అయింది. కర్టెను సందులోంచి పడ్డ ఎండ గచ్చు మీద మెల్లగా జరిగింది. అయిపోయింది.

ఇప్పుడు పిలుస్తుంది.

రాజమ్మ ముందుకి వంగింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

'పిలువమ్మా...'

తలుపు కిర్రుమంది. లోకనాథం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రాజమ్మ ఆయన వైపు చూసింది. తరవాత మెల్లగా, ఒళ్ళో మూసిపెట్టుకున్న పిడికిలి తెరిచింది. అందులో గొలుసు ఉంది. సవతి బిళ్ళ ఉంది. తనకి మత్తు ఎక్కుతున్న ఆ కాసేపట్లో ఇచ్చాడో, ఏం చెప్పి ఇచ్చాడో... మాలతి నిద్రపోయిన ఆ రాత్రి మదనపల్లెకి ఫోను చేశాడో ఏమో.

'అమ్మా... వద్దు... అమ్మా!'

"పద్మా," అంది రాజమ్మ.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు.

"అమ్మా పద్మా... లెయ్యి తల్లీ."

మాలతి అరిచింది. గొంతు లేని చోట ఎంత అరిస్తే ఏం! గాలి కూడా కదల్లేదు. మొగుడు చేస్తే మంటగా ఉండింది. ఇది మంట కాదు. పుట్టినప్పుడు చెవిలో పేరు చెప్పిన నోరు, ఆ పేరునే మింగేసింది. ఇంక ఈ భూమ్మీద తనని పిలిచేవాళ్ళు ఎవరున్నారు?

"ఎవురైతే యాం నాయనా," రాజమ్మ అల్లుడితో గుసగుసగా అంటోంది, ఏడుస్తూనే. "నా బిడ్డ మొకంలో నవ్వు సూసి ఎన్నేండ్లాయె. లోపల ఎవురుంటే నాకేం. అన్నం తింటాది. నవ్వుతాది. బావి కాడికి పోదు. నా కండ్లకి అది చాలు."

"ఆఁ," అంది మంచం మీది నోరు.

కళ్ళు తెరుచుకున్నాయి. లేచి కూర్చుంది. తల తిరగలేదు, తూలలేదు. చెయ్యి చాపి రాజమ్మ చెంపలు తుడిచింది.

"ఏడవద్దమ్మా. నేనుండాను కదా."

రాజమ్మ ఆమెని గట్టిగా వాటేసుకుంది. కూతుర్ని వాటేసుకున్నట్టే. ఆ భుజం మీదుగా... పద్మ తలెత్తింది. నేరుగా పైకప్పు మూలకి చూసింది. నల్లటి మరక పక్కకి.

చూసి, నవ్వింది.

"ఏమనుకోవద్దు చెల్లీ," అంది పెదాలతోనే. "తొమ్మిదేండ్లు నేనుండలే ఆడ?"

లోకనాథం చొక్కా జేబులోంచి గులాబీ రంగు కాగితం పొట్లం తీశాడు. కంసాలి అంగడి పొట్లం. ఎప్పుడు చేయించాడు? ఇలాంటి పని ఒక్కపూటలో కాదు, పది పదిహేను రోజులు పడుతుంది. అంటే మాలతి పెరట్లో చీర ఆరేస్తున్న రోజుకే కంసాలి దగ్గర ఆ రేకు మీద సుత్తి పడుతూ ఉంది. పొట్లం విప్పి ఒక బిళ్ళ తీశాడు. కొత్తది, తళతళలాడుతోంది. నిలబడ్డ ఆడమనిషి బొమ్మ.

దాన్ని నల్లదారానికి గుచ్చి ఆమె మెడలో కట్టాడు. పద్మ దాన్ని అరచేతిలోకి తీసుకుంది. తన పాపిట్లోని కుంకుమ వేలితో అద్ది, బిళ్ళకి బొట్టు పెట్టింది. కళ్ళకద్దుకుంది. ఎంత శ్రద్ధగా పెట్టిందంటే, ఇన్నేళ్ళూ మాలతి పెట్టినంత శ్రద్ధగా.

పైన మాలతికి నుదుటి మీద చల్లటి వేలు తగిలింది. నుదురే లేని చోట.

"పోదాం పద," అన్నాడు లోకనాథం. "పలమనేరు బస్సు తప్పిపోతాది."

రాజమ్మ, పద్మ ఒకరి నడుం ఒకరు పట్టుకుని ముందు నడిచారు. రాజమ్మ చేతిలో పాత గొలుసు అలాగే ఉంది. గడప దాటుతూ పద్మ సన్నగా ఏదో పాట ఎత్తుకుంది. లోకనాథం వెనక ఆగాడు. వాళ్ళు మెట్లు దిగే వరకూ చూసి, పొట్లం మళ్ళీ మడవబోయాడు. పై నుంచి చూసే మాలతికి ఆ కాగితం లోపలంతా కనబడింది.

కాగితంలో ఇంకొక కొత్త బిళ్ళ ఉంది. మొదటిది తనకైతే, ఈ రెండోది ఎవరికో మెట్లు దిగుతున్న పద్మకి తెలీదు.

"అక్కా..." అని పిలిచింది మాలతి. "పద్మక్కా... ఆగు..."

మెట్ల మీద పాట దూరమైపోతోంది. లోకనాథం పొట్లాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకుని, గుండీ పెట్టుకున్నాడు.